ఎండ తీరంలో పచ్చిక: గోల్ఫ్ విహారాల మీద వాదనలు ఎక్కడిదాకా వచ్చాయి?

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో గోల్ఫ్ మైదానం లేదు. కావాలని అడిగినవారూ లేరు. ఫ్లోరైడ్ నీళ్ల గురించి, శివన్నగూడెం రిజర్వాయర్ గురించి, బత్తాయి ధర గురించి మాట్లాడుకునే ఊళ్లలో ఆ ఆట ఊసు రావడానికి సందర్భం ఏముంటుంది? అయితే హైదరాబాద్‌లో కాస్త కలిగినవాళ్లు ఎండాకాలం సెలవుల్లో స్పెయిన్‌కో టర్కీకో వెళ్లి వారం రోజులు గోల్ఫ్ ఆడి రావడం ఇప్పుడు వింత కాదు. ఆ నగరం సాగర్ రోడ్డు పట్టుకుని యాచారం దాకా పాకింది. యాచారం దాటితే మాల్, మాల్ దాటితే మర్రిగూడ. మధ్యధరా తీరంలో గోల్ఫ్ టూరు ఎలా వేసుకోవాలన్నది పైకి చిన్న ప్రశ్న. దాని వెనక అరవై ఏళ్ల వివాదం ఉంది. ఆ వివాదమంతా నీళ్ల చుట్టూ తిరిగేది కాబట్టి నల్గొండ మెట్ట నుంచి చూస్తే అది దూరదేశపు ముచ్చటలా అనిపించదు.

ఇప్పుడు ఈ చర్చ బాగా చిక్కుపడింది. పర్యాటక శాఖలు ఉద్యోగాల లెక్క చెబుతాయి, పర్యావరణవాదులు నీళ్ల లెక్క చెబుతారు, మైదానాల యజమానులు శుద్ధి చేసిన మురుగునీటి లెక్క చూపిస్తారు. మూడు లెక్కలూ నిజమే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేవారే తక్కువ.

తీరం పచ్చబడిన కథ

మధ్యధరా తీరానికి గోల్ఫ్ మొదట సైనికుల వెంట, ఆ తర్వాత శీతాకాలం గడపడానికి వచ్చే ధనిక బ్రిటిష్ యాత్రికుల వెంట చేరింది. మాల్టాలోని రాయల్ మాల్టా గోల్ఫ్ క్లబ్ 1888 నాటిది. స్పెయిన్‌లో మలాగా దగ్గర, టోర్రెమోలినోస్ ఇసుక నేలల్లో 1925లో ఒక మైదానం వెలిసింది. అప్పట్లో అది కొద్దిమంది విలాసం మాత్రమే. అసలు మలుపు 1964లో వచ్చింది. జిబ్రాల్టర్‌కు దగ్గర్లో సోటోగ్రాండె అనే కొత్త కాలనీ కోసం అమెరికన్ రూపశిల్పి రాబర్ట్ ట్రెంట్ జోన్స్ యూరప్‌లో తన మొదటి మైదానాన్ని గీశాడు. ఇల్లు కొనుక్కో, కిటికీ తెరిస్తే ఫెయిర్‌వే, అంటే బంతి నడిచే పచ్చిక దారి, కనిపిస్తుంది అనే బేరం అక్కడ పుట్టింది. పక్కనే 1974లో మొదలైన మైదానం తర్వాత వాల్డెరామాగా పేరు మార్చుకుంది. 1997లో యూరప్, అమెరికా జట్ల రైడర్ కప్ పోటీ తొలిసారి బ్రిటిష్ దీవులు దాటి యూరప్ ప్రధాన భూభాగానికి వచ్చింది ఆ వాల్డెరామాకే. కోస్తా డెల్ సోల్, అంటే సూర్య తీరం, నేడు డెబ్బైకి పైగా కోర్సులతో కోస్తా డెల్ గోల్ఫ్‌గా కూడా ప్రచారం చేసుకుంటోంది.

టర్కీ ఆలస్యంగా దిగినా లెక్కగా దిగింది. అంతాల్యా పక్కన పైన్ చెట్ల అడవి, కారెట్టా తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరం ఉన్న బెలెక్‌ను 1984లో పర్యాటక కేంద్రంగా ప్రకటించారు. మొదటి గోల్ఫ్ మైదానం 1994లో తెరుచుకుంది. 2013 నుంచి 2019 వరకు టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఓపెన్ పోటీ అక్కడ జరిగింది. స్పెయిన్‌లో మైదానాలు ఇళ్లను అమ్మాయి, బెలెక్‌లో హోటల్ గదులను అమ్మాయి. పచ్చిక ఒకటే అయినా వ్యాపారం వేరు. తర్వాత వచ్చిన తగాదాలు కూడా ఆ తేడాను బట్టే నడిచాయి.

దక్షిణ ఒడ్డున ట్యునీషియా ముందే ఇంకో దారి పట్టింది. వాడిన నీటిని శుద్ధి చేసి పచ్చికకు పెట్టడంలో అది తొలి దేశాల్లో ఒకటి. ఇప్పుడు యూరప్ గొప్పగా చెప్పుకునే పద్ధతి చాలా ఏళ్ల కిందటే అక్కడ అవసరం కొద్దీ మొదలైంది. ఈ చర్చలో ఆ దేశం పేరు రావలసినంతగా రాదు.

ఎండను అమ్ముకుంటే తప్పేమిటి?

మొదటి వాదం ఆర్థికానిది. తీరప్రాంతపు హోటళ్లు జూన్ నుంచి ఆగస్టు దాకా నిండుతాయి, మిగతా కాలం ఖాళీగా ఉంటాయి. ఆ మూడు నెలల ఎండలో గోల్ఫ్ ఆడటం కష్టం. అసలు గోల్ఫ్ కాలం మార్చి నుంచి మే వరకు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు. అంటే బీచ్ జనం లేని నెలల్లో గోల్ఫ్ జనం వస్తారు. వెయిటర్‌కు, డ్రైవర్‌కు, తోటమాలికి ఏడాది పొడవునా పని దొరుకుతుంది. ఈ వాదంలో పస ఉంది. మన దగ్గర యాత్రాస్థలాల్లో సీజన్ దాటితే కొట్లు మూసుకునే వ్యాపారులకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు.

ఇదే పక్షం నీళ్ల మీద కూడా ఒక లెక్క చెబుతుంది. పద్దెనిమిది హోళ్ల మధ్యధరా మైదానానికి ఏడాదికి సుమారు 3 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు కావాలన్నది తరచుగా వినిపించే అంచనా. వానను, నేలను బట్టి ఇది ఎక్కువ తక్కువలవుతుంది. అంటే 30 కోట్ల లీటర్లు. వినడానికి భయంకరంగా ఉంది. ఇప్పుడు దాన్ని మన పొలం లెక్కలోకి మార్చి చూద్దాం. యాసంగి వరికి ఎకరాకు 50 లక్షల లీటర్ల దాకా పడుతుందనుకుంటే, ఆ నీళ్లు 60 ఎకరాల వరికి సరిపోతాయి. మైదానం విస్తీర్ణం మాత్రం 120 నుంచి 150 ఎకరాలు. ఎకరాకు ఎకరం పోల్చితే వరి కన్నా గోల్ఫ్ పచ్చికే తక్కువ తాగుతుంది. చుక్కకు వచ్చే ఆదాయం చూస్తే పోలికే లేదు. తెలంగాణలో బోర్ల కింద యాసంగి వరి వేసే ఎవరైనా ఈ లెక్కకు సమాధానం వెతుక్కోవాల్సిందే.

అదే 30 కోట్ల లీటర్లను మరో లెక్కలో పెడితే బొమ్మ తిరగబడుతుంది. మిషన్ భగీరథ తాగునీటి పథకంలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అని ప్రమాణం పెట్టుకున్నారు. ఒక మైదానం రోజువారీ వాడకం సగటున 8 లక్షల లీటర్ల పైచిలుకు. అంటే ఎనిమిది వేల మంది తాగి, వండుకుని, స్నానం చేసే నీళ్లు. వరితో పోల్చినవారు మనిషితో పోల్చరు, మనిషితో పోల్చినవారు వరితో పోల్చరు. ఇన్నేళ్లుగా వాదన ముందుకు కదలకపోవడానికి సగం కారణం ఇదే.

ఆర్థిక వాదపు పక్షం దాచే ఇంకో సంగతి స్థిరాస్తి. 1997 నుంచి 2007 వరకు స్పెయిన్‌లో ఇళ్ల వ్యాపారం ఊగిపోయింది. ముర్సియా ప్రాంతంలో పొలారిస్ వరల్డ్ అనే సంస్థ గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ పేరున్న కోర్సుల చుట్టూ వేల ఇళ్లు కట్టింది. స్పెయిన్‌లోకెల్లా నీళ్లు కరువైన ప్రాంతాల్లో ముర్సియా ఒకటి. టాహో నది నుంచి 1979లో మొదలైన కాలువ మీదే అక్కడి సేద్యం చాలావరకు బతుకుతుంది. ఎబ్రో నది నుంచి కూడా నీళ్లు తేవాలని 2001లో చట్టం చేశారు. ఆ నీళ్లు పొలాలకా, గోల్ఫ్ కాలనీలకా అని ఎబ్రో ప్రాంతాల్లో పెద్ద ఉద్యమం నడిచింది. 2004లో కొత్త ప్రభుత్వం ఎబ్రో మళ్లింపును రద్దు చేసి సముద్రపు నీటి శుద్ధి వైపు తిరిగింది. 2008లో ఇళ్ల బుడగ పేలింది. కొనేవాళ్లు పోయారు, అప్పులు బ్యాంకుల మీద పడ్డాయి, నీళ్లు పెట్టాల్సిన పచ్చిక మాత్రం అలాగే మిగిలింది.

అసలు ఈ ఆటే వద్దు

1993 ఏప్రిల్ 29న, ప్రపంచ గోల్ఫ్ వ్యతిరేక దినం పేరుతో, ఆసియా దేశాల కార్యకర్తలు అంతర్జాతీయ గోల్ఫ్ వ్యతిరేక ఉద్యమాన్ని ప్రకటించారు. మలేసియా, జపాన్, థాయిలాండ్‌ల సంఘాలు దీనికి మూలం. జపాన్‌లో కొండలు నరికి మైదానాలు చేయడం, ఆగ్నేయాసియాలో రైతుల భూములు పోవడం, పురుగుమందులు వాగుల్లో కలవడం వారి ఆరోపణలు. ఈ వాదం మధ్యధరాలో కాదు, ఆసియాలో పుట్టిందన్నది గమనించాలి. రెండేళ్ల తర్వాత మెక్సికోలోని టెపోజ్ట్లాన్ ఊరి జనం ఒక గోల్ఫ్ కాలనీని అడ్డుకున్నారు. ఆ పోరాటంలో ఒక రైతు ప్రాణం పోయింది. 1996లో ప్రాజెక్టు ఆగింది. మాల్టాలో రబాత్ పొలాల మీద తలపెట్టిన మైదానాన్ని స్థానికుల వ్యతిరేకత మధ్య 2004లో ప్రణాళికా సంస్థ తిరస్కరించింది. ఆ దేశం 1888 నాటి క్లబ్బుతోనే సరిపెట్టుకుంది.

ఇటీవలి కరువులు ఈ వాదానికి మళ్లీ ఊపిరి పోశాయి. 2022 ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఇళ్ల తోటలకు నీళ్లు బంద్ పెట్టి గోల్ఫ్ గ్రీన్‌లకు, అంటే హోలు చుట్టూ ఉండే నున్నటి పచ్చికకు, మినహాయింపు ఇచ్చారు. కోపంతో కార్యకర్తలు తులూజ్ దగ్గర రెండు మైదానాల్లో హోళ్లను సిమెంటుతో పూడ్చారు. 2023 జులైలో స్పెయిన్‌లో పది మైదానాల్లో అలాంటి పనే జరిగింది. క్లబ్బుల జవాబు ఏమిటంటే, గ్రీన్ మొత్తం మైదానంలో చిన్న భాగమేననీ, మూడు నాలుగు రోజులు ఎండితే చచ్చిపోతుందనీ, దాన్ని మళ్లీ పెంచడానికి పట్టే నీళ్లు ఇంకా ఎక్కువనీ. సాంకేతికంగా ఇది సరైన మాటే. బకెట్లతో టమాటా మొక్కకు నీళ్లు పోసుకోవద్దని చెప్పిన ఊళ్లో ఆ మాట ఎవరికి ఎక్కుతుంది?

ఈ పక్షం బలం న్యాయం అడగడంలో ఉంది. బలహీనత కొలతల్లో. ప్రతి మైదానాన్నీ ఒకే గాటన కట్టడం వల్ల, వాడిన నీటితో నడిచేదానికీ బోరు నీటితో నడిచేదానికీ తేడా పోతోంది. మైదానం ఎత్తేస్తే ఆ భూమి పొలంగా మారుతుందన్న ఆశ కూడా తీరంలో చాలాచోట్ల అబద్ధం. అక్కడ ఇళ్లే వస్తాయి.

వాడిన నీళ్లతో ఆడుకుందాం

ఇప్పుడు ప్రభుత్వాలకు నచ్చిన వాదం మధ్యది. బలియారిక్ దీవులు 1988లోనే గోల్ఫ్ మైదానాలకు శుద్ధి చేసిన మురుగునీరే వాడాలని చట్టం చేశాయి. ఆండలూసియా 2008లో ఇచ్చిన ఆదేశం కొత్త మైదానాలను అదే దారికి తెచ్చింది. కోస్తా డెల్ సోల్‌లో అకోసోల్ అనే ప్రజా సంస్థ పట్టణాల మురుగును శుద్ధి చేసి కోర్సులకు గొట్టాల్లో పంపుతోంది. సైప్రస్ కథ వేరు. 2008 కరువులో ఆ దేశం గ్రీసు నుంచి ఓడల్లో తాగునీళ్లు తెచ్చుకుంది. అలాంటి చోట కొత్త మైదానం అనగానే సముద్రపు నీటి శుద్ధి ఎవరు, ఎవరి ఖర్చుతో చేస్తారన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

గడ్డి కూడా మారుతోంది. వెచ్చని ప్రాంతాల మైదానాల్లో ఎక్కువగా ఉండేది మన గరిక జాతే. దాన్ని ఆఫ్రికా గరికతో కలిపి పుట్టించిన సంకరాలు ఫెయిర్‌వేలకు, గ్రీన్‌లకు వాడతారు. ఉప్పు నీటిని ఓర్చుకునే సముద్రతీరపు పాస్పాలం గడ్డి తీర మైదానాల్లో పెరుగుతోంది. మధ్యధరా చలికాలంలో గరిక గోధుమరంగుకు తిరుగుతుంది. యాత్రికులకు పచ్చగా కనపడాలని చాలా క్లబ్బులు శరదృతువులో దాని మీద రై గడ్డి చల్లుతాయి. ఆ పచ్చదనానికి అదనంగా నీళ్లు, ఎరువులు కావాలి. గోధుమరంగు ఫెయిర్‌వే మీద ఆడటానికి యాత్రికుడు ఒప్పుకుంటే ఖర్చులో కొంత అక్కడికక్కడే తగ్గుతుంది. ప్రకటనల బొమ్మల్లో మాత్రం గోధుమరంగు కనపడదు.

మూడు వాదాల్లో నాకు ఇదే గట్టిగా కనిపిస్తుంది. దీనిలోనూ ఒక బొక్క ఉంది. వాడిన నీళ్లంటే ఎవరికీ అక్కర్లేని నీళ్లని ఈ వాదం ముందే అనుకుంటుంది. యూరోపియన్ యూనియన్ 2020లో చేసి 2023 జూన్ నుంచి అమలు చేస్తున్న నిబంధనలు శుద్ధి చేసిన నీటిని పొలాలకు వాడటానికి ప్రమాణాలు పెట్టాయి. అంటే రైతు కూడా ఇప్పుడు అధికారికంగా ఆ నీటి వరుసలో నిలబడ్డాడు. మలాగా ప్రాంతానికి నీళ్లిచ్చే లా విన్యూలా జలాశయం ఇటీవలి కరువులో పది శాతం కన్నా కిందికి పడిపోయినప్పుడు, అవకాడో, మామిడి రైతులు శుద్ధి చేసిన మురుగునీటి కోసమే ఎదురుచూశారు. ఆ నీళ్లకు ఆ రోజుతో చవక ధర పోయింది.

మన గడ్డ మీద

తెలుగునాట ఈ ఆట కొత్తది కాదు. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ బ్రిటిష్ కాలం నాటిది, బంగాళాఖాతం పక్కనే ఉంటుంది. సికింద్రాబాద్‌లో సైన్యం కోర్సు ఉంది. గోల్కొండ నయాఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ ఉంది, అక్కడే గోల్కొండ మాస్టర్స్ పోటీలు జరుగుతాయి. గచ్చిబౌలి బండల మధ్య బౌల్డర్ హిల్స్ ఉంది. తెలుగు కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాక, ఆట నియమాలు తెలియని ఇళ్లలోనూ ఆ పేరు వినిపించింది.

మధ్యధరా తగాదాలన్నీ ఇక్కడా ఏదో ఒక రూపంలో నడిచాయి. నయాఖిల్లాలో పురావస్తు స్థలం ఎంతవరకు, మైదానం ఎంతవరకు అన్న వివాదం ఏళ్ల తరబడి సాగింది. పెద్ద బావోబాబ్ చెట్టు, ముల్లా ఖియాలీ మసీదు, పాత తోట అవశేషాలు ఆ గోడల లోపలే ఉన్నాయి. బౌల్డర్ హిల్స్‌ది ఇళ్ల కథ. ఉమ్మడి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, దుబాయికి చెందిన ఎమ్మార్ కలిసి తలపెట్టిన టౌన్‌షిప్‌లో సుమారు 235 ఎకరాలు గోల్ఫ్ కోసం 66 ఏళ్ల లీజుకు వెళ్లాయి. పక్కన విల్లాలు. ప్లాట్ల అమ్మకాల మీద 2011లో సీబీఐ కేసు నమోదైంది. సోటోగ్రాండె నమూనా గచ్చిబౌలికి వచ్చేసరికి దానికి మన పద్ధతిలో ఫైళ్లు, కోర్టు తారీకులు తోడయ్యాయి.

వాడిన నీళ్ల వాదానికి అసలు పరీక్ష మాత్రం మూసీలో ఉంది. హైదరాబాద్ మురుగు మోసుకుని ఆ నది ఘట్‌కేసర్, భువనగిరి, వలిగొండ మీదుగా సూర్యాపేట వైపు దిగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడవునా కత్వలు కట్టి, కాలువలు తీసి రైతులు ఆ నీళ్లతోనే వరి పండిస్తున్నారు. నగరానికి దగ్గర్లో ఉప్పల్, పీర్జాదిగూడ వైపు అవే నీళ్లతో పశువుల మేతకు పారాగడ్డి పెంచుతారు, పాల వ్యాపారం దాని మీద నడుస్తుంది. ఆ నీళ్లు కంపు కొడతాయి, ఆరోగ్యాలు చెడతాయి, అయినా అవి ఖాళీ నీళ్లు కావు. రేపు నగరంలో శుద్ధి కేంద్రాలు పెరిగి ఆ నీళ్లు శుభ్రమైతే, మొదట అడిగేది ఎవరు? పరిశ్రమా, టవర్ల తోటలా, గోల్ఫ్ మైదానమా, వలిగొండ రైతా? మధ్యధరా పుస్తకాల్లో దీనికి సమాధానం లేదు, ఎందుకంటే అక్కడి మురుగు చాలావరకు సముద్రంలోకి పోయేది. ఇక్కడిది పొలాల మీదికి పోతుంది.

మర్రిగూడ విషయం ఇంకొంచెం కఠినం. వాన లెక్క చూస్తే నల్గొండ జిల్లా మలాగా కన్నా మేలు. ఇక్కడ ఏడాదికి 700 మిల్లీమీటర్ల పైచిలుకు, అక్కడ 500 చిల్లర. స్పెయిన్‌లోనే అల్మేరియాకు 200 చుట్టుపక్కలే. తేడా రాయిలో, ఎత్తులో ఉంది. సాగర్ ఎడమ కాలువ ఈ మెట్టకు ఎక్కదు. కింద గ్రానైట్ రాయి. బోరు లోతు పెరిగేకొద్దీ, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు పైకి వస్తాయి, సాధారణంగా వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకానే భరించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి ఈ మండలంలో తరాలకు తరాలు నడుములు వంగిపోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్గొండ పేరే పెట్టింది. భగీరథ నల్లాలు వచ్చాక తాగునీటి సంగతి మారింది. పొలం, తోట మాత్రం ఇంకా బోరు మీదే. ఇలాంటి చోట రిసార్టు పచ్చిక కోసం లోతుగా వేసే ప్రతి బోరూ పక్కవాడి బత్తాయి తోట నీళ్లను కిందికి లాగుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్లను కూడా అదుపు చేయడానికి వచ్చింది. అది ఎంత అమలైందో ఎండిన బోర్లను చూస్తే తెలుస్తుంది.

టూరు వేసుకునేవారికి తేలిన సంగతులు

ఇంత వివాదం విన్నాక కూడా వెళ్లదలచినవారికి ఈ చర్చ కొన్ని పనికొచ్చే విషయాలు ఇచ్చింది. కాలం మనకు కలిసివస్తుంది. హైదరాబాద్‌లో మైదానాలు మాడిపోయే ఏప్రిల్, మే నెలలే అక్కడ మంచి కాలం. పిల్లల సెలవులూ అప్పుడే. జులై, ఆగస్టుల్లో రేటు తగ్గిందని వెళ్తే తెలంగాణ ఎండను యూరోలు పెట్టి కొనుక్కున్నట్టే. అక్టోబరులో వెళ్లేవారు రై గడ్డి చల్లే తేదీలు కనుక్కోవాలి. ఆ వారాల్లో కొన్ని ఫెయిర్‌వేలు మూసి ఉండవచ్చు. గ్రీన్‌లకు చిల్లులు పొడిచి గాలి పట్టించే రోజుల్లో వాటి మీద బంతి సరిగా దొర్లదు. ఈ రెండు తేదీలూ క్లబ్బును అడిగితే చెబుతుంది, ఏజెంటు చెప్పడు.

చోటు ఎంపికలో స్పెయిన్ తీరం రకరకాల మైదానాలు ఆడాలనుకునేవారికి. అరగంట దూరాల్లో డజన్ల కోర్సులు ఉంటాయి, ఖర్చు మాత్రం విడివిడిగా పడుతుంది. వాల్డెరామా లాంటి చోట గ్రీన్ ఫీజే వందల యూరోలు, ఆట స్థాయిని చెప్పే హ్యాండిక్యాప్ పత్రం కూడా అడుగుతారు. మధ్యాహ్నం తర్వాత ఆడితే చాలా క్లబ్బుల్లో తగ్గింపు ఉంటుంది. బెలెక్‌లో గది, భోజనం, ఆట కలిపి ఒకే ధర. ఆడని కుటుంబ సభ్యులకు అదే సుఖం, పెర్గే, ఆస్పెండోస్ శిథిలాలు దగ్గర్లోనే ఉంటాయి. అయితే 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ సమయంలో టర్కీ వైఖరి వల్ల మన దగ్గర ఆ దేశానికి ప్రయాణాలు మానుకోవాలన్న పిలుపులు వచ్చాయి. కొందరికి అదే నిర్ణయాన్ని తేల్చేసింది. సైప్రస్‌లో కోర్సులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, ప్రశాంతత కావాలనుకునేవారికి సరిపోతుంది.

స్పెయిన్‌కు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఎండాకాలం సెలవులకు వెళ్లేవారు సంక్రాంతి కల్లా అపాయింట్‌మెంట్ చూసుకుంటే మేలు. 

బుకింగ్‌కు ముందు క్లబ్బును అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మీ పచ్చికకు నీళ్లు ఎక్కడివి? శుద్ధి చేసిన నీటితో నడిచే క్లబ్బులు ఆ సంగతి గర్వంగా ముందే చెప్పుకుంటాయి. తడబడే క్లబ్బును వదిలేయడం కష్టం కాదు, పక్కనే ఇంకో అరవై ఉన్నాయి.

ఇంకా తేలనివి

గోల్ఫ్ నీటికి ధర ఎంత ఉండాలన్నది ఎక్కడా తేలలేదు. రైతు రాయితీ ధరకు, ఇంటి వాడకం ధరకు మధ్య ఎక్కడో దాన్ని నిలబెట్టాలని అందరూ అంటారు, ఆ ఎక్కడో ఎక్కడన్నది ప్రతి ప్రాంతంలో లాబీ బలాన్ని బట్టి మారుతోంది. వేడి పెరిగేకొద్దీ గోల్ఫ్ కాలమే జరుగుతోందా, జరిగితే హోటళ్ల ఖాళీ నెలల వాదం ఏమవుతుందన్నది రెండో చిక్కు.

మన వైపు చిక్కు భూమిది. ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీకి యాచారం, కడ్తాల్ వరకు హద్దు గీశాక, దాని అంచున ఉన్న మర్రిగూడలో సేద్యపు భూమి విహారపు భూమిగా మారే ఒత్తిడి తప్పదు. ఫామ్‌హౌసుల లాన్‌లు ఆ మార్పులో తొలి అంకం. డిండి ఎత్తిపోతలలో భాగంగా 2015 జూన్‌లో శివన్నగూడెంలో శంకుస్థాపన జరిగిన రిజర్వాయర్ సామర్థ్యం సుమారు 12 టీఎంసీలు. దాన్ని తలపెట్టింది ఫ్లోరైడ్ ఊళ్ల తాగునీటికి, సాగుకు. కట్ట పక్కన నీళ్లు కనపడేచోట భూమి ధర ఎలా పరుగెత్తుతుందో, ఆ ధర కొన్నాళ్లకు నీటి వాటా కూడా ఎలా అడుగుతుందో ముర్సియా చూపించింది.

మధ్యధరాలో తర్వాతి పెద్ద పరీక్షకు తేదీ ఖరారైంది. 2031 రైడర్ కప్ కాటలోనియాలోని కామిరాల్‌లో జరగాలి. అదే కాటలోనియా 2024 ఫిబ్రవరి 1న కరువు అత్యవసర స్థితి ప్రకటించి, బార్సిలోనా సహా వందల పట్టణాల్లో నీటి వాడకానికి కోత పెట్టింది. మూడు వాదాలవారూ ఇప్పటి నుంచే ఆ మైదానం వైపు చూస్తున్నారు.